ఒడికి దిశ ఉండదు

మా అత్తకి వేగం అనే మాట నోట రాదు. ఆవిడ మాట బేగి. పొద్దున్నే మా బావ లగేజీ ఆటో స్టార్టు చేసిన చప్పుడు వినబడితే చాలు, పొయ్యి దగ్గరున్నా, పెరట్లో కొబ్బరి మట్టలు చీలుస్తున్నా, తలెత్తి ఒక్క కేక వేస్తుంది.

“బేగొచ్చీరా నాయినా!”

ఆయన ఇంకా వాకిలి కూడా దాటి ఉండడు. “ముందు ఎల్లనీవే అమ్మా” అంటాడు. రోజూ ఇదే కేక, ఇదే జవాబు. పాప కూడా నేర్చుకుంది. వాళ్ల నాన్న పెరట్లోకి వెళ్తున్నా సరే, గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతూ “బేగొచ్చీ!” అని అరుస్తుంది.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. అందుకే పెళ్లయ్యాక కూడా బావా అనే పిలుస్తాను. మాది టెక్కలి. వీళ్లది వజ్రపుకొత్తూరు వైపు, సముద్రానికి కాస్త ఇవతల, కొబ్బరి తోటల్లో ఊరు. పెళ్లికి ముందూ, పెళ్లయిన కొత్తలో కొన్నాళ్లూ టెక్కలిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ చెప్పేదాన్ని. పాప పుట్టాక మానేశాను. మళ్లీ చేరతానని అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను. పాపకి మూడో ఏడు నడుస్తోంది, నేనింకా చెబుతూనే ఉన్నాను. పగలంతా దాని వెనక పరిగెత్తడంతోనే సరిపోతుంది. అది పడుకున్నాక కాసేపు ఇలా కూర్చుని రాసుకుంటాను. రాస్తే తల కాస్త తేలికపడుతుందని మొదలుపెట్టాను. పడుతుందో లేదో ఇంకా తేలలేదు.

ఉద్యోగం మానేసినా పాఠంలోని మాటలు నన్ను మానలేదు. బట్టలు ఉతుకుతున్నా, అన్నం కలుపుతున్నా తలలో తిరుగుతుంటాయి. వడి, వేగం, త్వరణం. పుస్తకంలో వడి వేరు, వేగం వేరు. ఎంత తొందరగా పోతున్నావో చెప్పేది వడి. ఎటువైపు పోతున్నావో కూడా కలిపి చెబితే అది వేగం. ఆటోలో అద్దం కింద ఉన్న ముల్లు చూపించేది వడినే. బండి పలాస వైపు పోతోందా, సముద్రం వైపు పోతోందా అన్నది దానికి అక్కర్లేదు. బయట ఈ తేడా ఎవరూ పాటించరు. హైవే పక్కన ‘అతివేగం ప్రమాదకరం’ అన్న బోర్డు కనబడినప్పుడల్లా నేను మనసులో దిద్దుకుంటాను, అక్కడ ఉండాల్సింది వడి అని. మా అత్త బేగిలో మాత్రం దిశ ఉంది. ఆవిడ బేగి అన్నప్పుడల్లా వెనకే ‘రా’ ఉంటుంది. ‘బేగి పో’ అని ఆవిడ ఎవరినైనా అనగా నేను వినలేదు.

వడి అన్న మాటతో మా ప్రాంతంలో ఇంకో చిక్కుంది. మేం వచ్చాడు అనం, ఒచ్చాడు అంటాం. వద్దు అనం, ఒద్దు అంటాం. అదే లెక్కన వడి మా నోట్లో ఒడి అయిపోతుంది. మా స్కూలు బోర్డు మీద ఇంగ్లిష్ మీడియం అని ఉండేది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. పాఠం మాత్రం నడిచేది తెలుగులోనే. ఒకరోజు తొమ్మిదో తరగతికి చలనం పాఠం ముగించి, వడికీ వేగానికీ తేడా బోర్డు మీద రాయమని ఒకమ్మాయిని లేపాను. ఆ అమ్మాయి గుండ్రటి అక్షరాలతో, ఏ తొందరా లేకుండా రాసింది: ‘ఒడికి దిశ ఉండదు. వేగానికి దిశ ఉంటుంది.’

వెనక బెంచీలో ముందు ఒక్కళ్లు కిసుక్కుమన్నారు. తర్వాత క్లాసంతా.

“ఏటే, ఎవులి ఒడే అది?”

“మీయమ్మ ఒడే!”

“మేడమ్, ఒడికి దిశ ఉంటాది మేడమ్. అమ్మ ఎటు తిరిగి కూసుంటే అటే కదా!”

రాసిన అమ్మాయి చాక్‌పీసు పట్టుకుని నావైపు తిరిగింది. “ఏటి తప్పు రాసినాను మేడమ్? మీరు సెప్పిందే కదా రాసినాను.”

అదీ నిజమే. నేనూ టెక్కలి దాన్నే. నా నోట్లోంచి వచ్చిందే ఆ అమ్మాయి బోర్డు మీద పెట్టింది. నాకూ నవ్వు ఆగలేదు. ‘ఒ’ చెరిపి ‘వ’ రాసి, ఇంక మీరెవరూ ఈ తేడా మర్చిపోరులే అన్నాను. వాళ్ల సంగతి తెలియదు. నేను మాత్రం మర్చిపోలేదు.

ఈ ఏడాది, ఎండలు ముదరకముందు, మా ఊళ్లో రక్త పరీక్షల శిబిరం పెట్టారు. మా వైపు అది కొత్త కాదు. మా ఉద్దానం ఊళ్లలో కిడ్నీల జబ్బు ఇంటింటి మాట. ఆటోలో పక్కన కూర్చున్న మనిషి “నీకెంతున్నాది?” అని అడిగితే అది క్రియాటినిన్ గురించే. రక్తంలో ఆ అంకె పెరుగుతోందంటే కిడ్నీలు పని తగ్గిస్తున్నాయని అర్థం. ఆ మాట సరిగా పలకలేని ముసలమ్మలకి కూడా ఎవరికెంతో తెలుసు. ఎవరింట్లో తగ్గిందో, ఎవరింట్లో ఎక్కిందో చెప్పుకుంటారు, సముద్రం మీద గాలి ఎటుందో చెప్పుకున్నట్టు.

ఆ శిబిరంలో బావకి అంకె ఉండాల్సిన గీత దాటి కాస్త పైన వచ్చింది. మరీ ఎక్కువేం కాదు. అక్కడున్న డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నాకన్నా రెండు మూడేళ్లు పెద్దదేమో. “ఒక్కసారి చూసి ఏమీ చెప్పలేం. ఎండలో తిరిగి నీళ్లు సరిగ్గా తాగకపోయినా ఇలా రావచ్చు. మూడు నెలలాగి మళ్లీ చేయించండి. అప్పుడు తెలుస్తుంది, ఎటు పోతోందో” అంది.

ఆవిడ ఆ మాట మామూలుగానే అంది. తర్వాతి మనిషిని పిలిచేసింది కూడా. నేను మాత్రం పాపని చంకనేసుకుని ఆ టెంటు కింద అలాగే నిలబడిపోయాను. ఎటు పోతోందో. బోర్డు మీద చుక్క పెట్టి నేను పిల్లలకి చెప్పిన మాటే అది. ఒక్క చుక్క ఉంటే వడీ తెలియదు, దిశా తెలియదు. వస్తువు ఎక్కడుందో మాత్రమే తెలుస్తుంది. రెండో చుక్క కావాలి.

మా మామయ్య, అంటే బావ వాళ్ల నాన్న, ఈ జబ్బుతోనే పోయాడు. నా పెళ్లినాటికే డయాలసిస్‌కి వెళ్లొస్తుండేవాడు. వెళ్లొచ్చిన రోజు గోడ వైపు తిరిగి పడుకునేవాడు, మర్నాడు లేచి తోటలోకి వెళ్లేవాడు. పాప నా కడుపులో ఉండగా పోయాడు. ఆయనకి కూడా మొదటిసారి చూసినప్పుడు అంకె చిన్నదేనట. చిన్నదే కదా అని వదిలేశారు. ఒళ్లంతా నీరు పట్టాక రెండోసారి వెళ్లారు. అప్పటికి చెయ్యడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

అందుకే నాకు ఆ రెండో పరీక్ష కావాలనిపించింది. మంచి మాట వింటానన్న నమ్మకమేం లేదు. ఎటు పోతోందో తెలిస్తే చాలు, తెలిసినదాని గురించి భయపడొచ్చు. తెలియనప్పుడు అన్నిటి గురించీ భయపడాల్సి వస్తుంది. బావ పడుకున్నప్పుడు పాదాల మీద వేలితో నొక్కి చూసేదాన్ని, గుంట పడుతుందేమోనని. పొద్దున్న లేవగానే కళ్ల కింద ఉబ్బుందా అని మొహంలోకి చూసేదాన్ని. “ఏటే అలగ సూత్తన్నావ్, కొత్త పెళ్లికొడుకునా?” అనేవాడు. ఈ జబ్బు బోరు నీళ్ల వల్లేనని మా వైపు కొందరంటారు. పాప ఎవరింట్లోనో గ్లాసుడు నీళ్లు తాగిందంటే ఆ రోజంతా నాకు మనసు మనసులో ఉండేది కాదు. క్యాను నీళ్లు సీసాలో పోసి దాని మెడకి వేలాడదీసేదాన్ని. చుట్టుపక్కల పిల్లలు దాన్ని సీసాపాప అనేవాళ్లు.

మూడు నెలలు దగ్గర పడ్డాక ఒక సాయంత్రం కదిపాను. బావ భోజనానికి కూర్చున్నాడు. అత్త పక్కనే చేటలో బియ్యం చెరుగుతోంది.

“బావా, వచ్చే వారానికి మూడు నెలలవుతాయి.”

“దేనికి?”

“తెలిసీ అడుగుతావేటి?”

ఆయన పులుసు కలుపుకుంటూ, “నాకేటయ్యింది? బస్తాలెత్తుతన్నాను, బండి తోలుతన్నాను, తిండి తింటన్నాను” అన్నాడు.

“అంకె ఒకటే ఉంది మన దగ్గర. అది ఫొటో లాంటిది. ఫొటోలో బండిని చూసి అది ఆగుందో, పోతోందో, వెనక్కి వస్తోందో చెప్పగలవా? ఇంకాసేపాగి తీసిన ఇంకో ఫొటో ఉంటేనే కదా తెలిసేది.”

“రెండెందుకే? దండెయ్యడానికి ఒక ఫొటో సాల్దా?”

అత్త చేట కింద పెట్టేసింది. “నోరు ముయ్యి! ఏటా మాటలు, అన్నం ముందర కూసుని!”

“ఊరికే అన్నాన్లేవే.”

“ఊరికే ఐనా అనకు. నివ్వూ ఇను పిల్లా” అని నావైపు తిరిగింది. “పరీచ్చలొద్దు, ఏటొద్దు. మీ మావకి సూదెట్టి రగతం తీసినప్పుడల్లా పెరిగింది. ఒక్కసారైనా తగ్గిందేటి? ఎట్టినప్పుడల్లా పెరిగింది. తియ్యకుండా ఒగ్గీసి ఉంటే అక్కడే ఉండేది.”

సూది వల్ల పెరగలేదు అత్తా, పెరుగుతుంటే సూదికి తెలిసింది అని చెప్పొచ్చు. చెప్పాను కూడా, ఇంకోరోజు. ఆవిడ విని, “నాను కళ్లతో సూసినాను” అంది. ఆవిడ చూసింది నిజమే. ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చుని, ఒక్కోసారి ఒక్కో పెద్ద అంకె విని, మొగుణ్ని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చిన మనిషి ఆవిడ. నా దగ్గరున్నది పాఠం. ఆవిడ దగ్గరున్నది అది. మా ఇద్దరి మధ్యా బావ ఎటూ తేల్చకుండా అన్నం తినేసి చెయ్యి కడుక్కునేవాడు.

ఆ వారం గడిచిపోయింది. తర్వాతది కూడా. కొబ్బరి లోడు ఉందనేవాడు, బండికి టైరు మార్చాలనేవాడు, జీడిపిక్కల సీజను అనేవాడు. నేను రోజూ అడగడం మానేశాను. అడిగి అడిగి నా గొంతు నాకే విసుగొచ్చింది. ఆయనకి నడుం నొప్పి ఎప్పుడూ ఉండేది. కాయలెత్తి దింపే పని, పైగా గోతుల రోడ్లు. ఆటోలో ముల్లు కింద చిన్న అరలో నొప్పి బిళ్లల అట్ట ఒకటి పడి ఉండేది. నొప్పి వస్తే ఒకటి మింగి బండి తీసేవాడు. అది నేను చూశాను, దాని గురించి కూడా అడగాలనుకున్నాను. అడగాల్సినవాటి వరుసలో అది వెనక్కి పోయింది. పాపకి దగ్గు పట్టింది, నాకు నిద్ర లేదు, అత్తకి మోకాళ్లు. రోజులు అలా గడిచాయి.

ఒకరోజు ఆయనకి టెక్కలికి కాయల లోడు పడింది. మా అమ్మావాళ్లని చూసి చాలా రోజులైందని నేనూ పాపా ముందు సీట్లో ఎక్కాం. అత్త గుమ్మంలోంచి ఎప్పట్లానే కేకేసింది. ఈసారి ముగ్గురికీ కలిపి.

నౌపడ దగ్గర రైల్వే గేటు పడింది. అక్కడ రోడ్డు కొంత దూరం పట్టాల పక్కనే వచ్చి, గేటు దగ్గర మలుపు తిరుగుతుంది. ముందు లారీలు ఆగి ఉండటంతో మేం పట్టాల పక్కనే ఆగిపోయాం. ఒక వైపు పట్టాలు, ఇంకో వైపు ఉప్పు మళ్లు. తాటాకు కప్పిన ఉప్పు కుప్పలు వరసగా ఉన్నాయి. ఎండకి మళ్లలోని నీళ్లు కళ్లలో పొడుస్తున్నాయి. బావ ఇంజను ఆపేసి పాపని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. అది హ్యాండిలు పట్టుకుని తోలుతున్నట్టు ఊగుతోంది.

గూడ్సు బండి వచ్చింది. చాలా పొడవు. మా పక్కనుంచే ఒక్కో పెట్టే పోతుంటే పాప ఊగడం ఆపేసింది. కళ్లు పెద్దవి చేసింది.

“నాన్నా! మనం పోతన్నాం!”

“లేదమ్మా, ఆగే ఉన్నాం. బండి ఆపీసినాను సూడు.”

“పోతన్నాం! ఎనక్కి పోతన్నాం! ఎనక్కి!”

అది సంతోషపడుతోందో భయపడుతోందో తెలియలేదు. రెండు చేతులతో వాళ్ల నాన్న చొక్కా పట్టేసుకుంది. ఆయన నవ్వుతూ బ్రేకు మీద కాలేశాడు, దాని కోసం. కాసేపు పెట్టెలవైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత తనే అన్నాడు:

“నిజమేనే, నాక్కూడా ఎనక్కి పోతన్నట్టే ఉన్నాది.”

“ఎవరికైనా అంతే” అన్నాను.

“మరి ఎలగ తెలుత్తాది మేడమ్?” మేడమ్ అన్నది వెక్కిరింపు. నన్ను ఏడిపించాలనుకున్నప్పుడు అలా అంటాడు. “మనం పోతన్నామో, ఆగున్నామో, ఎలగ తెలుత్తాది?”

“అటు చూడకు. ఇటు, ఆ ఉప్పు కుప్ప చూడు. అది కదలదు కదా. ఒకసారి చూసి, కాసేపాగి మళ్లీ చూడు. అది ఉన్న చోటే ఉంటే మనం ఆగున్నట్టు. వెనక్కి పోతుంటే మనం ముందుకి పోతున్నట్టు.”

ఇది చెబుతున్నప్పుడు నాకు వేరే ఉద్దేశమేమీ లేదు. ఎన్నోసార్లు చెప్పిన పాఠం, నోటికొచ్చినట్టు వచ్చింది. ఆయన పాప తలని రెండు చేతులతో పట్టి ఉప్పు కుప్ప వైపు తిప్పాడు. “సూడమ్మా. సూసినావా? ఇప్పుడు కళ్లు మూసీ. ఇప్పుడు తెరు. ఎక్కడున్నాది?” అది అక్కడే ఉందని వేలు చూపించింది. మళ్లీ మూయించాడు, మళ్లీ తెరిపించాడు. ఆ ఆట దానికి నచ్చింది. గూడ్సు బండి వెళ్లిపోయినా ఆపలేదు.

గేటు లేచింది. ముందు లారీలు కదిలాయి. ఆయన ఇంజను స్టార్టు చేసి, పాపని నాకందించి, రోడ్డు వైపే చూస్తూ అన్నాడు:

“కాయలు దింపీసి ఎల్దాం.”

“ఎక్కడికి?”

“నీ రెండో ఫొటోకే.”

పాపని ఒళ్లో సర్దుకుని రోడ్డు వైపు తిరిగాను. మాట్లాడితే మనసు మార్చుకుంటాడేమోనని. టెక్కలి వచ్చేదాకా పాప ఒక్కతే మాట్లాడింది.

ఆసుపత్రిలో రక్తం ఇచ్చి, ఫలితం కోసం మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. మా అమ్మ ఫోన్ చేసి అన్నం పెట్టి చూస్తున్నానంది, వస్తున్నామన్నాను. పాపకి ఆడుకోవడానికి ఏమీ దొరక్క, ఆటో అరలోంచి తెచ్చుకున్న ఖాళీ బిళ్లల అట్టని చేతిలో నలుపుతూ చప్పుడు చేస్తోంది. మమ్మల్ని లోపలికి పిలిచినప్పుడు కూడా అది దాని చేతిలోనే ఉంది.

డాక్టరు పెద్దాయన. శిబిరంలో వచ్చిన అంకె నాకు నోటికి వచ్చు, చెప్పాను. బావని బీపీ ఉందా, పనేంటి, నీళ్లు ఎంత తాగుతావు అని అడిగాడు. “నొప్పుల మందులేమైనా వాడతావా?”

“లేదు సార్. ఎప్పుడైనా, బాగా నొప్పెట్టినప్పుడు.”

పాప అట్టని గట్టిగా నలిపింది. డాక్టరు చెయ్యి చాచాడు. అది ముందు ఇవ్వనంది, తర్వాత ఇచ్చింది. ఆయన దాన్ని వెనక్కి తిప్పి పేరు చదివి, బావ మొహంలోకి చూశాడు. బావ నా మొహంలోకి చూశాడు. నేను కిటికీలోకి చూశాను.

“పెరిగింది” అన్నాడు డాక్టరు. “భయపడేంత కాదు. మెల్లగా పెరుగుతోంది. వెనక్కి తెస్తామని నేను మాట ఇవ్వలేను. కానీ ఇంకా మెల్లగా పోయేలా చెయ్యొచ్చు. ముందు ఇవి మానెయ్యి, కిడ్నీలకి చేటు. ఒక్కటి కూడా వద్దు. బీపీ కూడా ఎక్కువగా ఉంది, దానికి మందు రోజూ. ఉప్పు తగ్గించు. మళ్లీ మూడు నెలలకి రావాలి, రాకుండా ఉండొద్దు.”

ఎన్నాళ్లుగానో మోస్తున్న బస్తా దింపి, అంతకన్నా చిన్న బస్తా ఎత్తుకున్నట్టుంది. బరువు బరువే. కానీ ఎక్కడ పట్టుకోవాలో తెలిసింది. బయటికొచ్చాక బావ ఆటో దగ్గర నిలబడి, అరలో ఇంకా మిగిలిన అట్ట తీసి నా చేతిలో పెట్టాడు. “నాకియ్యకు, అడిగినా” అన్నాడు. ఆటో ఎక్కబోతూ, “నడుం నొప్పెడితే ఏటి సేత్తాను మరి?” అని అడిగాడు. ఇప్పటికైతే వేడినీళ్ల కాపడం పెడుతున్నాను. కొన్నిరోజులు తగ్గుతుంది, కొన్నిరోజులు తగ్గదు. తగ్గని రోజుల్లో పళ్లు బిగబట్టి బస్తాలెత్తుతాడు, లేదంటే లోడు వదులుకుంటాడు.

ఇంటికి వచ్చేసరికి అత్తకి ఎవరో చెప్పేశారు, ఆసుపత్రి దగ్గర ఆటో చూశామని. గుమ్మంలో నిలబడి ఉంది.

“పెరిగిందేటి?”

“కొంచెమేనే” అన్నాడు బావ.

“సెప్పానా! సూదెడితే పెరుగుతాదని సెప్పానా నాను!” కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అరుగు మీద కూలబడింది. ఏడుపు లేదు. మొహమంతా ముందే ఏడ్చేసి ఉన్నట్టుంది.

“మెల్లగా పెరుగుతున్నాదంటమ్మా. మెల్లగా.”

“మెల్లగా అంటే మంచిదేనేటి?” అని నావైపు చూసింది. చదువుకున్నదాన్ని కదా, చెప్పమన్నట్టు.

రోజంతా తిరిగి ఉన్నాను. ఒంట్లో ఓపిక లేదు. ఆవిడకి అర్థమయ్యేలా చెప్పాలని ఒకటే ఆత్రం. “మంచిదే అత్తా. ఎటు పోతోందో అది మనం మార్చలేమేమో గానీ, వడి తగ్గించొచ్చు” అన్నాను. అన్నాననుకున్నాను. నోట్లోంచి వచ్చింది ఒడి.

అత్త కొంగు తీసి నన్ను చూసింది. “ఒడేటి? ఎవులి ఒడి?”

“అదే అత్తా, ఒడి... వడి...”

“ఈడు ఇప్పుడు నా ఒళ్లో పట్టడానికేటే, ఇంత దున్నపోతు? చిన్నప్పుడే పట్టీవోడు కాడు. కాళ్లు బయటికొచ్చీసీవి.”

బావ ముందు నవ్వాడు. తర్వాత నేను. అత్త ఎందుకు నవ్వుతున్నామో తెలియక ముందు కోప్పడి, తర్వాత ఆవిడ కూడా నవ్వేసింది, కళ్లు తుడుచుకుంటూ. పాప ఏం అర్థమైందో, వెళ్లి అత్త ఒళ్లో ఎక్కి కూర్చుంది. మొదట మావైపు తిరిగి, తర్వాత వీధి వైపు, తర్వాత అత్త మొహం వైపు తిరిగి మెడ పట్టుకుంది. టెక్కలిలో ఆ అమ్మాయి తప్పు రాయలేదేమో అనిపించింది.

ఆ నవ్వు ఆ పూటకే. మర్నాటినుంచి ఉప్పు గొడవ మొదలైంది. ఎండుచేప లేకపోతే ముద్ద దిగదంటాడు ఆయన. ఉప్పు తగ్గిస్తే కూరే కాదంటుంది అత్త, తగ్గించి వండుతూనే. నేను ఆమె చూడకుండా రుచి చూస్తాను, నేను చూడకుండా ఆమె చూస్తుంది. బీపీ బిళ్ల వేసుకున్నాడా అని ఒకరి తర్వాత ఒకరం అడుగుతుంటే, “ఒక్కరే అడగండి, ఇద్దరొద్దు” అంటాడు. పొద్దున్నే కేక మాత్రం మారలేదు. “బేగొచ్చీరా నాయినా!” ఆయన జవాబులోనే కాస్త తేడా. “మెల్లగానే ఒత్తానే” అంటాడు. ఆవిడకి ఆ మాట నచ్చదు. వాకిలి దాకా వచ్చి మళ్లీ కేకేస్తుంది.

వచ్చే వారం మళ్లీ వెళ్లాలి. ఈసారి నేను అడక్కముందే, “లోడు పెట్టుకోనులే ఆరోజు” అన్నాడు. అత్త అది విని వద్దనలేదు, అంతవరకే.

రెండు చుక్కలుంటే వేగం తెలుస్తుందని పిల్లలకి చెప్పేదాన్ని. ఆ వేగం అలాగే ఉందా, తగ్గుతోందా, పెరుగుతోందా తెలియాలంటే మూడో చుక్క కావాలి. పుస్తకంలో దాన్ని త్వరణం అంటారు. ఆ మాట ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఫలితం వచ్చాక చెప్పాల్సి వస్తే చెబుతాను.

పాప మంచం మీద దొర్లుకుంటూ వచ్చి నా ఒళ్లో తల పెట్టింది. ఇందాక తల ఉన్న వైపుకి ఇప్పుడు కాళ్లొచ్చాయి. నా కాలు తిమ్మిరెక్కింది. కదిపితే లేస్తుంది. ఇంకాసేపు ఇలాగే కూర్చుంటాను.